కూరగాయల ముచ్చికలు, తొక్కలతో సామూహిక అచ్చుల కార్యశాల: తడి, రంగు, మిగిలిన ముక్కల గురించి సందేహాలు

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము కొందరం కలిసి వచ్చే నెల ఒక ఆదివారం ఉదయం, గ్రంథాలయం హాలులో 3 గంటల పాటు సుమారు 30 మందితో ఒక అచ్చుల కార్యశాల జరపాలని అనుకుంటున్నాం. 6 ఏళ్ల పిల్లల నుంచి 70 దాటిన పెద్దల వరకు అందరూ రావచ్చు. పేర్లు ఇచ్చినవారిలో సగం మంది తమకు బొమ్మలు వేయడం రాదని ముందే చెప్పారు. అయినా వస్తామన్నారు కనుక, వారికి సిగ్గు కలగని విధంగా కార్యక్రమాన్ని నడపాలన్నది నా మొదటి కోరిక.

దిమ్మెలుగా, అంటే రంగు అద్ది కాగితం మీద నొక్కే ముక్కలుగా, కొన్న వస్తువు ఏదీ వాడకూడదని, ఇళ్లలో కూరలు తరిగాక మిగిలే ముచ్చికలు, ఆకుకూరల మొదళ్లు, తొక్కలు, రసం పిండేసిన నిమ్మ డిప్పలు, గింజలు వలిచిన మొక్కజొన్న కండెలు మాత్రమే వాడాలని నియమం పెట్టుకున్నాం. నలుగురు తినగలిగిన దుంపను కోసి, రంగులో ముంచి, గంట తరువాత పారేయడానికి నాకు మనసొప్పదు. ఈ విషయంలో మా బృందంలో కొంత చర్చ జరిగింది. చివరకు అందరూ అంగీకరించారు.

అయితే గత వారం నేను, మా అక్క ఇంట్లో కూర్చుని చేసిన ప్రయత్నం నిరాశ కలిగించింది. బెండకాయ ముచ్చిక మొదటిసారి చక్కని పువ్వులా పడింది కానీ, రెండోసారికి గదులన్నీ రంగుతో నిండిపోయి ఒక మచ్చ మాత్రమే మిగిలింది. నిమ్మ డిప్పలోని పొరలు అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఉల్లిపాయ మొదలు నొక్కగానే పొరలు పక్కకు జారాయి. బంగాళాదుంప కొస మీద రంగు తామరాకు మీద నీరులా నిలవకుండా పోయింది. మేము వాడినది డబ్బాలో దొరికే యాక్రిలిక్ రంగు. పళ్లెంలో పోసి, ముక్కను ముంచి, కాగితం మీద నొక్కాం.

నా సందేహాలు మూడు ఉన్నాయి. ఈ తడిని ఎలా అదుపు చేయాలన్నది మొదటిది. దిమ్మెలతో పాటు రంగును కూడా తొక్కల నుంచే తీయడం సాధ్యమా, అలా తీసిన రంగుతో స్పష్టమైన అచ్చు పడుతుందా అన్నది రెండోది. మూడోది నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది: వంటింటి వ్యర్థాన్ని గౌరవించడానికని మొదలుపెట్టి, చివరకు రంగు పులిమిన ముక్కలను చెత్తబుట్టలో వేయవలసి వస్తే, అవి మామూలుగా మట్టిలో కలిసిపోయే అవకాశాన్ని కూడా మేమే పాడుచేసినట్టు కాదా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1: ముద్రణ చిత్రకళ నేర్పే ఉపాధ్యాయుడు

మీ నియమం నాకు నచ్చింది. అది కళ పరంగా కూడా మంచి నియమమే; ఎందుకో చివర చెబుతాను. ముందు తడి సంగతి చూద్దాం.

బంగాళాదుంప బరువులో సుమారు 79 శాతం నీరే. కీర దోసలో అది 95 శాతం వరకు ఉంటుంది. కత్తి పడగానే తెగిన కణాల్లోని రసం పైకి వచ్చి, కోత ముఖం మీద ఒక పలచని పొరగా నిలుస్తుంది. నీటితో కలిసే రంగు ఆ పొరలో పడి ఇంకా పలచబడుతుంది, నూనె రంగు అయితే అంటుకోనే అంటుకోదు. బంగాళాదుంపకు మరొక చిక్కు కూడా ఉంది: కోసినచోట ఊరే తెల్లటి పాలు పిండిపదార్థం, అది రంగుకూ దుంపకూ మధ్య జారుడు పొరలా పనిచేస్తుంది. కాబట్టి దుంప కొసలను కోశాక ఒకసారి నీళ్లలో కడిగి, గుడ్డతో ఒత్తి, కోత ముఖం కిందికి ఉండేలా పాత వార్తాపత్రికల మీద బోర్లించి ఒక అరగంట ఉంచండి. కాగితం తడిస్తే మార్చి, మరో అరగంట ఉంచండి. మిగిలిన కూరగాయలకు కడగడం అక్కరలేదు, బోర్లించడం చాలు.

నిమ్మ, నారింజ డిప్పలకు మాత్రం ఈ పద్ధతి సరిపోదు. వాటిలో మిగిలిన గుజ్జును వేలితో తీసేసి, తొనల మధ్య పొరలను అలాగే ఉంచి, గాలి తగిలే చోట ఒక రాత్రంతా వెల్లకిలా ఆరనివ్వండి. పచ్చిగా ఉన్నప్పుడు మెత్తగా వాలిపోయే పొరలు ఆరాక బిగుసుకుంటాయి, అప్పుడు ఒక్కొక్క పొర విడివిడిగా, బండిచక్రం ఆకుల్లా పడుతుంది. ఒక జాగ్రత్త: ఈ డిప్పలను థర్మోకోల్ పళ్లేల్లో పెట్టకండి. తొక్కలో ఉండే లిమోనీన్ అనే నూనె థర్మోకోల్‌ను కరిగిస్తుంది.

ఉల్లిపాయ విషయంలో మీరు వేళ్ల భాగాన్ని తీసేసి ఉంటారని అనుకుంటున్నాను. పొరలన్నింటినీ పట్టి ఉంచేది ఆ వేరు పీఠమే. ఎలాగూ పారేసే వేళ్ల వైపు ముక్కనే వేలెడు మందాన కోసి, వేళ్లను వెనకవైపు ఉంచుకుని నొక్కితే వలయాలు జారవు.

కార్యశాలకు చాలా రోజుల ముందు నుంచి సేకరించి గడ్డకట్టే అరలో దాచిపెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే వద్దని చెప్పండి. లోపలి నీరు మంచు స్ఫటికాలుగా మారి కణాల గోడలను చీలుస్తుంది. బయటకు తీశాక ఆ ముక్క గుడ్డపీలికలా మెత్తబడి ఎందుకూ పనికిరాదు. మామూలు ఫ్రిజ్‌లో కాగితం పరిచిన డబ్బాలో రెండు మూడు రోజులు ఉంచితే చాలు. కార్యశాల రోజు ఉదయం కోత ముఖాన్ని పదునైన కత్తితో ఒకే ఒరవడిలో పలచగా చెక్కి సమం చేయాలి. రంపంలా ముందుకు వెనక్కు కోస్తే గీతలు పడతాయి, ఆ గీతలు అచ్చులోనూ కనిపిస్తాయి.

ఇక రంగు. ముంచడం మానేయండి. మీ బెండ ముచ్చిక రెండోసారికే నిండిపోవడానికి కారణం అదే. అచ్చు అనేది ఎత్తుగా ఉన్న భాగాలు మాత్రమే రంగును మోయడం వల్ల ఏర్పడుతుంది. పల్లంలోకి రంగు దిగితే ఇక బొమ్మ ఉండదు. చదునైన పళ్లెం మీద చెంచాడు రంగు వేసి, చిన్న స్పాంజి రోలర్‌తో అటూ ఇటూ దొర్లించి, పళ్లెం అడుగు దాదాపు కనిపించేంత పలచని పొరగా చేయండి. ఆ పొరకు ముక్కను తాకించండి, లేదా స్పాంజి ముక్కతో రంగును కోత ముఖం మీద అద్దండి. మొదటి అచ్చు ఎప్పుడూ పాత కాగితం మీదే తీయండి, ముఖం మీద మిగిలిన తడిని అది పీల్చుకుంటుంది. నా అనుభవంలో మంచి అచ్చు రెండోదో మూడోదో అవుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే పిల్లలు మొదటి కాగితం చూసి ముఖం చిన్నబుచ్చుకుంటారు.

కాగితం కింద ఏముందన్నది కూడా ముఖ్యమే. చేత్తో కోసిన ముఖం పూర్తిగా సమంగా ఉండదు కనుక, గట్టి బల్ల మీద నొక్కితే ఒక పక్క పడి మరో పక్క పడదు. ఎనిమిది పది పొరల వార్తాపత్రిక గానీ, మడతపెట్టిన దుప్పటి గానీ పరిచి, దాని మీద కాగితం ఉంచి నొక్కితే కాగితమే వంగి ముక్క ఆకారానికి సర్దుకుంటుంది. క్యాబేజీ పై ఆకులు, అనాస తొక్క, ఎండిన బీరపీచు వంటి ఎగుడుదిగుడు వస్తువులకు పద్ధతిని తిరగవేయాలి. వస్తువును బల్ల మీద వెల్లకిలా ఉంచి, పైకి తేలిన భాగాలకు రంగు అద్ది, పలచని కాగితాన్ని దాని మీద కప్పి వేళ్లతో నెమ్మదిగా రుద్దాలి. 19వ శతాబ్దంలో జపాన్‌లో పట్టిన చేపల కొలతను నమోదు చేసుకోవడానికి పుట్టిన గ్యొతాకు అచ్చులు ఈ విధంగా తీసినవే. అంతకు చాలా ముందే లియొనార్డో డావించీ ఆకులతో అచ్చు తీసే విధానాన్ని రాసుకున్నాడు. కోడెక్స్ అట్లాంటికస్ పేరుతో భద్రపరిచిన ఆయన కాగితాల్లో ఒక సేజ్ ఆకు అచ్చు నేటికీ ఉంది.

మీ నియమం కళ పరంగా ఎందుకు మంచిదో ఇప్పుడు చెబుతాను. దుంపను చెక్కి నక్షత్రం, గుండె, చేప వంటి ఆకారాలు చేయించే కార్యశాలలు చాలా జరుగుతాయి. అక్కడ దుంప ఒక చవకైన రబ్బరు ముక్కగా మిగిలిపోతుంది. బొమ్మ వేయడం వచ్చినవారి పని బాగుంటుంది, రానివారు పక్కవారి కాగితం వైపు చూస్తూ కూర్చుంటారు. చెక్కడమే లేకపోతే ఆ తేడా పోతుంది. బెండలో అయిదు గదులు, మునక్కాయ కొనలో మూడు పలకలు, పాలకూర కట్ట మొదట్లో గులాబీలా చుట్టుకున్న కాడలు, అరటి మట్ట అడ్డకోతలో నెలవంక ఆకారంలో గాలి గదుల జాలీ, క్యాబేజీ మొదట్లో కొమ్మలు వేసిన చెట్టు, ఇవన్నీ ముందే ఉన్నాయి. మనిషి చేయవలసినది ఎక్కడ కోయాలో, ఎంత రంగు అద్దాలో, కాగితం మీద ఎక్కడ ఉంచాలో నిర్ణయించడమే. బొమ్మలు రావని చెప్పినవారికి ఈ మూడు నిర్ణయాలూ చేతనవుతాయి.

మరొక సూచన. ముదిరిపోయి తినడానికి పనికిరాని బెండకాయలు, బీరకాయలు ఎవరింట్లోనైనా ఉంటే తప్పక తెమ్మనండి. పీచు కట్టినందువల్ల వాటిలో నీరు తక్కువగా, గోడలు గట్టిగా ఉంటాయి. లేత కాయ పది అచ్చులకే నలిగితే, ముదురు కాయ వంద అచ్చులైనా తట్టుకుంటుంది.

సమాధానం 2: ఇంటి వ్యర్థాలతో ఎరువు చేసుకునే తోటమాలి

మీ మూడో సందేహానికి మాత్రమే సమాధానం చెబుతాను, ఎందుకంటే మీకున్న ఇబ్బందే నాకూ ఒకప్పుడు కలిగింది. యాక్రిలిక్ రంగు ఆరితే మిగిలేది ప్లాస్టిక్ పొర. ముక్క కుళ్లిపోతుంది గానీ ఆ పొర చిన్న చిన్న రేకులుగా విడిపోయి ఎరువులోనే ఉండిపోతుంది. పళ్లేలు కడిగిన నీటిలోనూ అదే వెళుతుంది. కాబట్టి మీ భయం సరైనదే, యాక్రిలిక్ వాడితే ఆ ముక్కలను ఎరువు కుండీలో వేయకూడదు.

దీనికి పరిష్కారం గంజి రంగు. 1 వంతు కార్న్‌ఫ్లోర్‌ను కొద్ది చల్లని నీటిలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం 8 వంతుల నీరు అయ్యేలా చేసి, సన్నని మంట మీద కలుపుతూ అది తెల్లదనం పోయి పారదర్శకంగా చిక్కబడే వరకు కాయండి. చల్లారాక వస్త్రంలో వడగట్టి, అందులో మెత్తగా నూరిన కావిమట్టి గానీ, పసుపుపచ్చని మట్టి గానీ, బొగ్గుపొడి గానీ కలపండి. ఇవన్నీ మట్టిలోంచి వచ్చినవో, మట్టిలో కలిసేవో కనుక ముక్కలు నిరభ్యంతరంగా కుండీలోకి వెళ్తాయి. పొడులను ఎవరైనా పెద్దవారు ముందురోజే తడిపి ముద్దగా చేసి ఉంచాలి, పిల్లల మధ్య పొడి గాలిలోకి లేవకూడదు. ఫ్రిజ్‌లో పెడితే గంజి మూడు నాలుగు రోజులు నిలుస్తుంది; ఆ తరువాత వాసన వస్తుంది, పారేయాలి. రంగు మరీ త్వరగా ఆరిపోతుంటే కొన్ని చుక్కల గ్లిజరిన్ చేర్చండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఎరువుకు ఉద్దేశించిన బుట్ట హాలులో ముందునుంచే కనిపించాలి. చివర్లో తెస్తే అప్పటికే సగం ముక్కలు పేపరు ప్లేట్లతో కలిసి మామూలు చెత్తలోకి వెళ్లిపోయి ఉంటాయి.

సమాధానం 3: సహజ రంగులతో పనిచేసే రసాయనశాస్త్ర ఉపాధ్యాయురాలు

తొక్కల నుంచి రంగు తీయడం సాధ్యమే. కానీ అచ్చుకు పనికివచ్చే రంగు తీయడం వేరే పని, చాలామంది తడబడేది ఇక్కడే. ఉల్లిపొరలనో దానిమ్మ తొక్కలనో నీటిలో మరిగిస్తే వచ్చేది రంగునీరు. అది కాగితంలోకి ఇంకుతుంది, ఇంకుతూ పక్కలకు పాకుతుంది. గుడ్డను అద్దడానికి అది సరిపోతుంది గానీ అచ్చుకు అంచు తెగదు. అందువల్ల రంగునీటిని నాలుగో వంతుకు వచ్చేవరకు మరిగించి చిక్కబరిచి, పై మిత్రులు చెప్పిన గంజిలో నీటికి బదులు దానినే వాడాలి. తుమ్మజిగురు కలిపినా ఫలితం బాగుంటుంది.

ఇంకా గట్టి రంగు కావాలంటే రంగునీటి నుంచి పొడిని వేరుచేయవచ్చు. ఉల్లిపొరల కషాయాన్ని వడగట్టి, వేడిగా ఉన్నప్పుడే అందులో పటిక కరిగించి, వేరే గిన్నెలో చాకలి సోడాను నీటిలో కలిపి ఆ ద్రావణాన్ని కొద్దికొద్దిగా పోస్తూ పోవాలి. ప్రతిసారీ నురుగు పైకి పొంగుతుంది కనుక పెద్ద పాత్ర తీసుకోండి. పటికలోని అల్యూమినియం రంగును పట్టుకుని నీటిలో కరగని సన్నని పొడిగా అడుగుకు దిగుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచి, పై నీరు ఒంపేసి, మరికొంత నీరు పోసి కడిగి, గుడ్డలో వడగట్టి ఆరబెడితే నూరి వాడుకోదగిన పొడి మిగులుతుంది. రెండు రోజులు పట్టే పని ఇది, కార్యశాలలో చేయించలేరు. ముందే చేసి, కషాయం, ముద్ద, పొడి మూడూ మూడు గిన్నెల్లో చూపిస్తే వచ్చినవారికి విషయం అర్థమవుతుంది.

కార్యశాలలో అందరి ఎదుటా చేయదగినది ఊదా క్యాబేజీ. దాని పై ఆకులు, మొదలు సన్నగా తరిగి వేడినీటిలో వేస్తే ఊదా రంగునీరు దిగుతుంది. మూడు గిన్నెల్లో పోసి, ఒకదానిలో నిమ్మరసం, మరొకదానిలో వంటసోడా వేసి, మూడోదాన్ని అలాగే ఉంచితే మొదటిది గులాబీ రంగుకూ రెండోది నీలం, ఆకుపచ్చల వైపుకూ తిరుగుతుంది. అందులోని ఆంథోసయనిన్ అనే పదార్థం పులుపు, క్షారాలకు స్పందించడం వల్ల ఈ మార్పు వస్తుంది. 1664లో రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రవేత్త రంగుల మీద ప్రచురించిన గ్రంథంలో వయొలెట్ పూల పానకంతో ఇదే మార్పును వర్ణించాడు. పిల్లలే కాదు, పెద్దలు కూడా ఆ గిన్నెల దగ్గర చాలాసేపు నిలబడిపోవడం నేను చూశాను.

నలుపు కావాలంటే దానిమ్మ తొక్కల కషాయం తీసుకోండి. అందులో వగరు పదార్థం సమృద్ధిగా ఉంటుంది, ఇనుము తగిలితే బూడిద నలుపుకు మారుతుంది. దీనికి చిటికెడు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) చాలు. అయితే అది కడుపులోకి వెళితే పిల్లలకు ప్రమాదకరం కనుక పెద్దవారి చేతిలోనే ఉండాలి. ఇనుము ఎక్కువైతే కొన్నేళ్లకు కాగితమే పెళుసై చిరుగుతుంది. ఒకప్పటి ఇనుప సిరాతో రాసిన దస్తావేజుల్లో అక్షరాలున్నచోట కాగితం చిల్లులు పడటానికి కారణం ఇదే.

చివరగా, పాల్గొనేవారికి నిజం చెప్పి తీరాలి. క్యాబేజీ, బీట్‌రూట్ రంగులు వెలుతురుకు నిలవవు. కిటికీ పక్కన తగిలిస్తే కొన్ని వారాల్లోనే వెలిసిపోవచ్చు. 1842లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త మొక్కల రసం పూసిన కాగితాన్ని ఎండలో ఉంచి, వెలిసిన చోటు తెల్లగా, నీడ పడినచోటు రంగుగా మిగిలేలా చిత్రాలు తీసింది ఈ గుణాన్ని ఆధారం చేసుకునే. నిలిచి ఉండాల్సిన అచ్చుకు మట్టి రంగులు, బొగ్గు వాడండి. మారే రంగును మారుతుందని తెలిసి ఇష్టపడేవారికి క్యాబేజీ ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. యాక్రిలిక్ డబ్బాలు పక్కన పెట్టేశాం. మాస్టారు గారూ, ముంచడం మానేసి అద్దడం మొదలుపెట్టగానే బెండ అచ్చు తేటగా వచ్చింది. మరొక్క సంగతి అడగాలి. ఆ రోజు వచ్చేవారిలో చేతివేళ్లు సరిగా ముడుచుకోని పెద్దలు ఇద్దరు, చూపు చాలా తక్కువగా ఉన్నవారు ఒకరు ఉన్నారు. 30 మందికి ఒకేసారి రంగులు, ముక్కలు, కత్తులు అందించడం కూడా నాకు భయంగానే ఉంది.

సమాధానం 4: వృద్ధులతో, పిల్లలతో కలిసి చేతిపనుల తరగతులు నడిపే కార్యకర్త

అమ్మా, కత్తులను అందరికీ అందించే ఆలోచనే చేయకండి. కోతకు ఒక బల్లను గోడవారగా వేసి, ఇద్దరు పెద్దలను అక్కడ కూర్చోబెట్టండి. ఎవరికి ఏ ముక్క ఎలా కోయించుకోవాలని ఉంటే వారే అక్కడికి వచ్చి అడుగుతారు. అడ్డంగా కోయమంటారా నిలువుగా కోయమంటారా అన్న ప్రశ్న దగ్గరే సంభాషణ మొదలవుతుంది. మిగిలినవారు ఆరుగురికి ఒక బల్ల చొప్పున అయిదు బల్లల దగ్గర కూర్చోవచ్చు. ఒక బల్లకు ఒకే రంగు ఇవ్వండి. రంగులన్నీ ఒకే బల్ల మీద ఉంటే పావుగంటలో అన్నీ కలిసి బురద రంగు అవుతాయి. మనుషులే కాగితంతో బల్ల మారితే పైపై అచ్చుల మధ్య ఆరడానికి వ్యవధి దొరుకుతుంది, ఒకరితో ఒకరికి పరిచయం కూడా అవుతుంది. మొత్తం మీద మూడు రంగులు చాలు.

పట్టు తక్కువగా ఉన్న చేతులకు సన్నని ముక్క పనికిరాదు. క్యాబేజీ మొదలు, ఉల్లి వేరు పీఠం వంటివాటి వీపున పాత ఫోర్కు గుచ్చి, దాని పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. అరచేత్తో పట్టి, బరువు కిందికి వదిలితే చాలు, వేళ్లు ముడవనక్కరలేదు. మొక్కజొన్న కండెను రెండు చేతులతో చపాతీ కర్రలా దొర్లించడం పెద్దలకు చాలా ఇష్టమైన పని, చుక్కల పట్టీలు వరుసగా పడుతుంటే ఆపబుద్ధి కాదు.

చూపు తక్కువగా ఉన్నవారికి రంగు లేకుండానే అచ్చు తీయించవచ్చు. మందపాటి కాగితాన్ని నీటిలో తడిపి, గుడ్డల మధ్య అద్ది, కండె గానీ ఎండిన బీరపీచు గానీ నారింజ డిప్ప గానీ దాని కింద ఉంచి బొటనవేలితో ఒత్తితే ఆకారం కాగితం మీద ఉబ్బెత్తుగా నిలుస్తుంది. ఆరాక వేళ్లతో తడిమి ఏది ఏదో చెప్పగలుగుతారు. మా తరగతిలో ఈ పద్ధతి ఒక్కరి కోసం మొదలుపెట్టాం, తరువాత అందరూ అదే కావాలని అడిగారు.

నా మాట వింటే మొదటి 20 నిమిషాలు రంగు మూతలే తీయకండి. కోసిన ముక్కలను పళ్లేల్లో తిప్పి, అందరినీ చూడనివ్వండి, తడిమి చూడనివ్వండి. కొన్ని అచ్చులను ముందే తీసి గోడకు అంటించి, ఏ ముక్క ఏ అచ్చును ఇచ్చిందో పోల్చమనండి. ఏళ్ల తరబడి రోజూ కూరలు తరిగిన పెద్దలు ఇక్కడ అందరికంటే ముందుంటారు. బొమ్మలు రావన్న మాట ఆ తరువాత వారి నోట వినబడదు.

ప్రశ్న అడిగినవారు, పది రోజుల తరువాత

మా బృందం ఆరుగురితో నమూనా తరగతి జరిపాం. వివరాలు ఇతరులకు ఉపయోగపడతాయని రాస్తున్నాను.

ఒక రాత్రి ఆరిన నిమ్మ డిప్పలు అన్నింటికంటే బాగా వచ్చాయి. ఉల్లి వేరు పీఠం వలయాలు జారలేదు. బంగాళాదుంప కొసలు ఇప్పుడు అచ్చు పడుతున్నాయి గానీ వాటిలో చూడదగిన ఆకారం ఏదీ లేదు కనుక వాటిని వదిలేశాం. అరటి మట్టలో కోసిన కాసేపటికే ముఖం నల్లబడింది, జిగురు కారింది, కానీ నాలుగు గంటలు బోర్లించాక నెలవంకలోని జాలీ ఒక్కొక్క గడితో సహా పడింది. మా అక్క ఆ ఒక్కదానితోనే ఒక పెద్ద కాగితం నిండా చేప పొలుసుల్లా పేర్చింది. టీచరు గారు చెప్పిన ఉల్లిపొరల పొడిని చేసి చూశాం. బంగారు పసుపు వచ్చింది, అయితే గిన్నెడు పొరలకు వచ్చిన పొడి రెండు చెంచాలే కనుక దాన్ని చూపించడానికి మాత్రమే ఉంచుతున్నాం. అచ్చులకు కావి, బొగ్గు వాడుతున్నాం.

ఒక చిక్కు మిగిలింది. గంజి రంగుతో తీసిన కాగితాలు ఆరాక ముడతలు పడుతున్నాయి. ఒకదానిపై ఒకటి పెట్టినవి అంటుకుపోయాయి కూడా. ఇంటికి తీసుకెళ్లేవారికి ఎలా ఇవ్వాలి?

సమాధానం 1 రాసిన ఉపాధ్యాయుడు

ముడతలకు కారణం మీ కాగితం పలచదనం. రాసుకునే కాగితం సుమారు 70, 80 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఉంటుంది, గంజిలోని నీటికి అది ఉబ్బి, ఆరేటప్పుడు అసమానంగా ముడుచుకుంటుంది. 150 జీఎస్‌ఎమ్ లేదా అంతకంటే మందమైన కాగితం తెప్పించండి. రుద్ది తీసే అచ్చులకు మాత్రం పలచనిదే ఉండాలి. హాలులో తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీస్తే గంటలోపు పైతడి పోతుంది, అంతవరకు ఒకదానిపై ఒకటి పెట్టనివ్వకండి. ఇంటికి ఇచ్చేటప్పుడు మధ్యలో మామూలు తెల్ల కాగితం పెట్టి, చుట్టకుండా పరిచి ఇవ్వండి. మర్నాడు బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచుకోమని చెబితే మిగిలిన ముడతలు సర్దుకుంటాయి. గంజి అంటే కాగితం తినే పురుగులకు ఇష్టం కనుక పూర్తిగా ఆరకముందు పెట్టెల్లో దాచవద్దని కూడా చెప్పండి.

ప్రతి అచ్చు వెనుక ఏ ముక్కతో తీసింది, ఏ రంగు, ఏ తేదీ అన్నది పెన్సిలుతో రాయించండి. మీ అక్క గారి పొలుసుల కాగితం వెనుక కూడా రాయించి, ఆ రోజు గోడకు తగిలించండి.